కలుజు చప్పుడు

ఉప్పునీటి అక్వేరియం చూడవచ్చినవారు ముందుగా అనే మాట ఒకటుంది: "ఎంత ప్రశాంతంగా ఉందండీ!" పాపం, వారు వచ్చేది పగటివేళ. టీవీ మోగుతూ, పిల్లలు పరుగులు తీస్తూ, వంటింట్లో కుక్కరు కూస్తూ ఉండగా వస్తారు. న్యూజెర్సీ చలికాలంలో, కిటికీలన్నీ బిగించిన ఇంట్లో, రాత్రి పదకొండు దాటాక ఆ తొట్టి పక్కన కూర్చుంటే గాని దాని రొద ఏపాటిదో తెలియదు. పైన సన్నని హోరు ఒకటి. అడుగున మోటారు ఝుంకారం ఒకటి. ఈ రెంటి మీదుగా, నిమిషానికొకసారి, ఎవరో పెద్దమనిషి పుక్కిలించి ఉమ్మినట్టు 'గుడగుడ... గళక్' అని ఇంకొకటి. మొదటి రెండింటికీ మనిషి అలవాటు పడతాడు. మూడవదానికి పడడం కష్టం. మేడమీద పడుకునేవాళ్ళం కనుక మాకు తొమ్మిదేళ్ళు ఎలాగో గడిచిపోయాయి.

నిరుడు అక్టోబరులో మా నాయన వచ్చారు. అమ్మ పోయాక అదే మొదటి రాక. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు గనుక కింది గది ఇచ్చాము. ఆ గది గోడకు ఇవతలే తొట్టి. నాలుగవనాడు మంచినీళ్ళ కోసం దిగివచ్చి చూస్తే, ఆయన శాలువా కప్పుకొని చీకట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"నిద్ర పట్టలేదా నాయనా?"

"పడతానే ఉండాది అబ్బయా. ఆ నీళ్ళే లేపతా ఉండాయి."

ఈ మాటకు కొంత వ్యాఖ్యానం అవసరం. మా నాయన నెల్లూరు జిల్లాలో నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చిన్న ఉద్యోగం చేసి విరమించారు. మా జిల్లాకు పెద్దవానలు ఈశాన్య ఋతుపవనాలతో గదా. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఆయన రాత్రులు చెరువు కట్టల మీదనే గడిచేవి. చెరువు నిండి కలుజు పారుతూ ఉంటే, ఆ హోరులోనే కట్ట మీద తువ్వాలు పరచుకొని హాయిగా నిద్రపోయేవారట. హోరులో ఏ కొంచెం తేడా వచ్చినా మెలకువ వచ్చేసేదట. తేడా అంటే ఎక్కడో తూముకు ఏదో అడ్డుపడి ఉండాలి, లేదా కట్ట కింద నీరు దారి వెతుక్కుంటూ ఉండాలి. తరువాతిది గండి. అటువంటి చెవిని తెచ్చి, నిమిషానికొకసారి స్వరం మార్చే తొట్టి పక్కన పడుకోబెట్టాము.

వారం తిరిగేసరికి, "టిక్కెట్టు ముందుకు జరపతావా?" అని అడిగారు. మా ఆవిడ ఆ రాత్రే, తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అయితే అందులోని విదూషక చేపల జంట మా అమ్మాయి కంటే ఏడాది పెద్దది. పెంపకంలో ఇవి ఇరవయ్యేళ్ళకు పైగా బ్రతికిన సందర్భాలున్నాయి. వేలెడు ముక్కగా తెచ్చిన పగడం ఇప్పుడు రెండు దోసిళ్ళ పాటి పొదయింది. 340 లీటర్ల నీటినీ, రాళ్ళనూ, వాటిలో ఏళ్ళ తరబడి కుదురుకున్న సూక్ష్మజీవులనూ విప్పి మరొకరింట కూర్చడం ఆ ప్రాణులకు పరీక్షే.

"రాత్రిపూట మోటారు కట్టేస్తే పోలా?" అన్నారు నాయన. పోదు. పగలు దీపాల వెలుతురులో పగడాల లోపలి సూక్ష్మశైవలాలు ప్రాణవాయువును విడుస్తాయి. దీపాలార్పాక అవి కూడా చేపలతో పాటు దానిని వాడుకునేవే. పైగా అంతే వెచ్చదనం గల మంచినీటితో పోలిస్తే సముద్రపు నీటిలో ఇమిడే ప్రాణవాయువు దాదాపు అయిదో వంతు తక్కువ. కాబట్టి నీరు కదలడం అత్యవసరమయ్యేది సరిగ్గా మనం పడుకునే వేళకే. చేయగలిగిందల్లా నీటిని ఆపకుండా చప్పుడును ఆపడమే.

శనివారం ఉదయం ఇద్దరమూ తొట్టి ముందు బైఠాయించాము. మూలన నిలువుగా ఒక అర. దాని పైఅంచున దువ్వెన పళ్ళ వంటి చీలికలు. నీరు వాటి గుండా పొర్లి అరలోకి దూకుతుంది. అర అడుగున గొట్టం, ఆ గొట్టం దిగేది బల్ల కింది కుండీలోకి. కుండీలో నురగ తీసే యంత్రం, వేడిచేసే కడ్డీ, గంటకు సుమారు 1,900 లీటర్లను తిరిగి పైకి తోసే మోటారు. ఇంగ్లీషులో వీటికి నోరు తిరగని పేర్లున్నాయి. నాయన ఒక్కసారి చూసి, "ఇది కలుజు, అది తూము, కింద ఉండేది కుంట. ఇంతేగదా!" అని తేల్చేశారు. తెలుగులో ఈ మాటల కొరత లేదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి? ఆ పొర్లు గట్టునే తెలంగాణలో మత్తడి అంటారు, సీమలో మరవ, మరికొన్నిచోట్ల అలుగు. ఎవరికి నచ్చినది వారు వాడుకోవచ్చు. నాకు మా కలుజే ముద్దు.

ఇక చప్పుడు సంగతి. నీరు ఒంటరిగా పారితే పెద్దగా మోగదు. గాలిని మింగి బుడగలు చేసినప్పుడు ఆ బుడగలు గంటల్లా మోగుతాయి. ఈ విషయాన్ని లెక్కగట్టి 1933లో ప్రకటించినవాడు మార్సెల్ మిన్నార్ట్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆయన సూత్రం ప్రకారం ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల బుడగ సెకనుకు సుమారు 3,260 సార్లు కంపిస్తుంది. సెంటీమీటరు వ్యాసార్ధమైతే 326 సార్లే. సన్నబుడగల గుంపు మన చెవికి హోరు, పెద్దబుడగ 'గళక్'. నక్షత్రాలను చూసేవాడు సెలయేటి చప్పుడుకు చెవియొగ్గడం నాకెందుకో ఎంతో నచ్చుతుంది.

తొట్టితో పాటు వచ్చినది చేతికర్రలా పైన వంగిన గొట్టం. రిచర్డ్ డర్సో పేరిట దానిని డర్సో గొట్టం అంటారు. వంపు మీద సన్నని గాలిరంధ్రం ఉంటుంది. నీరూ గాలీ కలిసి సమంగా దిగాలని ఏర్పాటు. ఉప్పు పేరుకొని ఆ రంధ్రం మూసుకుపోతే గొట్టం నిండి సైఫనుగా మారుతుంది, అరలోని నీటిని ఒక్క గుక్కలో లాగేస్తుంది, అడుగంటగానే గాలి మింగి తెగుతుంది, నీరు చేరగానే మళ్ళీ మొదలు. మా పుక్కిలింత రహస్యం ఇదే. రంధ్రం శుభ్రం చేస్తే పుక్కిలింత ఆగింది గాని హోరు పెరిగింది. పైగా ఉప్పు మళ్ళీ పేరుకోక మానదు.

రెండవ మార్గం హెర్బీ అనే మారుపేరుతో ప్రసిద్ధమైనది. గాలిని రానీయకుండా గొట్టాన్ని ఎల్లవేళలా నిండుగా పారించి, వేగాన్ని కింద వాల్వుతో అదుపు చేయడం. అరలో అడుగున రెండు రంధ్రాలున్నాయి. ముప్పావు అంగుళం దానిని ఈ నిండుపారుదలకు ఇచ్చి, అంగుళం దానిలో ఎత్తయిన గొట్టం నిలిపి ఆపద కోసం ఖాళీగా ఉంచాము. మోటారు నుండి పైకి వచ్చే నీటిని గట్టు మీదుగా మళ్ళించాము. వాల్వు ఎంపిక నాయనది. దుకాణంలో పావు మలుపుతో మూతపడే బాల్ వాల్వును పక్కనపెట్టి, చాలా చుట్లు తిప్పితే గాని కదలని గేట్ వాల్వును తీసుకున్నారు. "తూము షట్టరు మర ఇట్టాగే ఉంటాది. ఎన్నో చుట్లు తిప్పినా వెంట్రుకవాసి లేస్తాది. నీళ్ళతో బేరం అట్టా ఉండాల."

మధ్యాహ్నానికి బిగింపు ముగిసింది. గొట్టం కొనను కుండీ నీటిలో ఒక్క అంగుళమే ముంచాము. లోతుకు ముంచితే మొదట్లో గాలి బయటపడలేదు. ఆయన నేలమీద పీట వేసుకొని వాల్వు తిప్పుతూంటే, నేను అరలోని మట్టాన్ని చెబుతూ వచ్చాను. మట్టం పైకి లేచేకొద్దీ కలుజు దూకే ఎత్తు తగ్గింది, దానితో హోరూ తగ్గింది. రెండంగుళాల దగ్గర నిలిపేసరికి... ఏమని చెప్పను, మోటారు ఝుంకారం మొదటిసారి విడిగా వినిపించింది. దానికి వైద్యం తేలికే. లోపలి చక్రాన్ని వినిగరులో నానబెట్టి సున్నపు పెచ్చులు వదిలించి, కింద స్పాంజి ముక్క వేసి, గట్టి గొట్టం బదులు మెత్తని సిలికాన్ గొట్టం తొడిగాము.

నాయన మాత్రం లేవలేదు. "తూము పూడితే?" అన్నారు. ఆ ప్రశ్నకు మాటతో జవాబు చెప్పి ఒప్పించగల వయసు కాదు నాది. చేతిని అరలోకి పోనిచ్చి గొట్టం మూతిని అరచేత్తో మూశాను. మట్టం లేచింది, ఆపద గొట్టం అంచు దాటింది, నీరు గాలిని మింగుతూ ఇల్లంతా వినబడేలా అరిచింది. నేలమీద చుక్క పడలేదు.

"ఆఁ, ఇది అరస్తే లేవాల," అన్నారు, లేచి మోకాళ్ళు దులుపుకొంటూ.

ఆ రాత్రి ఆయన పడుకున్నారు. రెండవ రాత్రి కూడా. టిక్కెట్టు మాట మళ్ళీ రాలేదు. మార్చి చివరి దాకా ఉన్నారు. అమ్మ గురించి మాట్లాడింది కూడా ఆ నెలల్లోనే, పొద్దున్నే తొట్టి ముందు కాఫీ తాగుతూ.

సైఫను మట్టం కాలక్రమాన కొంచెం జరుగుతూ ఉంటుంది. గొట్టంలో జిగట పేరుకుంటుంది, ఏ నత్తో మూతిలో దూరుతుంది. వారానికొకసారి వాల్వును వెంట్రుకవాసి సర్దాలి. ఆ పనిని మనుమరాలికి నేర్పి, అర అద్దం మీద నల్లని గీత గీసి వెళ్ళారు. ఫోను చేసినప్పుడల్లా ముందు ఆమెనే అడుగుతారు, కలుజులో నీళ్ళు యాడికి ఉండాయని. మొన్న ఆదివారం గీతకు అర వేలు కిందికి ఉన్నాయి.

"తిప్పబాకు," అన్నారట. "రేపు చూద్దాం."