పిడికెడు బియ్యం

ప్రతి నెలా ఐదో తారీఖున నా అకౌంటులోంచి మూడు వేలు కట్టయిపోతాయి. మా ఊరికి దగ్గర్లో, ప్రకాశం జిల్లాలో, సంఘం వాళ్ళు నడిపే ఆడపిల్లల హాస్టలుకి. మొదలుపెట్టింది నాన్న. ఆయన పోయాక నేను కొనసాగించాను, అంతే. ఈ ఏప్రిల్లో ఒక రాత్రి బ్యాంకు యాప్ తెరిచి దాన్ని ఆపేద్దామనుకున్నాను. కారణం చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. వాళ్ళు రిపోర్టులు పంపరు. ఎంతమంది పిల్లలున్నారో, ఎంతమంది పాసయ్యారో, ఒక్కో పిల్లకి ఎంతవుతోందో ఏమీ తెలీదు. ఏడాదికోసారి క్రిస్మస్ కార్డు వస్తుంది, లోపల గుండ్రటి అక్షరాలతో ఎవరో పిల్ల రాసిన నాలుగు ముక్కలు. రోజంతా డాష్‌బోర్డులు చూసి బతికేవాడికి అది ఆనలేదు.

మా చర్చి భాషలో ఇలాంటి పనులకి డబ్బిచ్చేవాళ్ళని 'దర్శనం ఉన్నవాళ్ళు' అంటారు. గుడికెళ్ళేవాళ్ళకి దర్శనమంటే ఎదురుగా ఉన్నదాన్ని కళ్ళారా చూడ్డం. మావాళ్ళకి ఇంకా లేనిదాన్ని చూడ్డం. ఆఫీసులో మూణ్ణెల్లకోసారి స్లైడు మీద 'విజన్' చూసీ చూసీ ఆ మాట మీద నాకు పెద్ద గౌరవం మిగల్లేదు.

ఆ వారంలోనే, లంచ్ దగ్గర ఒక కొలీగ్, మంచివాడే, నవ్వుతూ అన్నాడు. "మీవాళ్ళంతా బియ్యం మూటకి మారినవాళ్ళే కదా బాస్." నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక కూడా నా నవ్వే నన్ను వదల్లేదు.

ఎప్పుడో దించుకుని చదవకుండా వదిలేసిన క్లౌ దొర ఆత్మకథ ఆ రాత్రి తెరిచాను. ఒంగోలు వైపు ఈ పేరు తెలియనివాళ్ళు తక్కువ. జాన్ క్లౌ చెప్తే భార్య ఎమ్మా రాసిన పుస్తకం, ఆయన పోయిన నాలుగేళ్ళకి, 1914లో వచ్చింది. పుస్తకంగా గొప్పదేం కాదు. ఎక్కడ అనుమానం తలెత్తబోతుందో సరిగ్గా అక్కడికి దైవసంకల్పం వచ్చేస్తుంది. కానీ క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. కొలతలూ లెక్కలూ వచ్చినచోట పుస్తకానికి ప్రాణం వస్తుంది.

నన్ను ఆపింది మాత్రం క్లౌ రాకముందు జరిగిన సంగతి. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. పదేళ్ళు దాటినా చేరినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో వాళ్ళ సమావేశం జరిగింది. తెలుగు మిషన్‌ని మూసేద్దామా అన్నది చర్చ. మ్యాపు మీద నెల్లూరు ఒక్కటే చుక్క. ఆ ఒంటరి చుక్క మీద శామ్యూల్ స్మిత్ ఒక పద్యం రాశాడు. అమెరికా దేశభక్తి గీతం ఒకటి రాసినాయన ఆయనే. మిషన్ని మూయలేదు. (కవిత్వం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క రుజువు ఇది.) మా దగ్గరయితే రెండు క్వార్టర్లకే ఆ ప్రాజెక్టుకి దీపం ఆర్పేసేవాళ్ళం. ఆల్బనీలో చెయ్యెత్తినవాళ్ళలో చాలామంది నెల్లూరు మొహం చూసి ఉండరు.

ఇక బియ్యం మూట. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది పోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. ఎవరొచ్చినా పని, పనికి కూలి. బాప్తిస్మం అడిగినవాళ్ళకి మాత్రం కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

కూలి ఇచ్చిన చెయ్యి ఎవరిదో అంత తొందరగా మర్చిపోతారా? మర్చిపోరు. ఆ అనుమానం నాకు పూర్తిగా పోలేదు. కానీ కరువుకి పదేళ్ళ ముందే, 1866లో, తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తనంతట తానే వెతుక్కుంటూ వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు, తర్వాత పల్లెలు తిరిగి చెప్పాడు. ఆ వెతుకులాట బియ్యం లెక్కలో ఇమడదు. అయినా ఆకలేసినవాడు అన్నం పెట్టినవాడి వైపు నడవడం తప్పెందుకయిందో కూడా నాకెవరూ చెప్పలేదు.

పుస్తకం మూసేశాక గుర్తొచ్చింది నాయనమ్మ. పూటపూటా ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో డబ్బాలో వేసేది. ఆదివారం దాన్ని సంచిలో పోసుకుని గుళ్ళోకి తీసుకెళ్ళేది. మావాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. ఆడవాళ్ళందరూ ఒకే గంపలో కుమ్మరించేవాళ్ళు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రాళ్ళున్న కోటా బియ్యం, అన్నీ కలిసిపోయేవి. కూలికెళ్ళకపోతే పొయ్యి వెలగని ఇల్లు మాది. ఆ బియ్యం ఎవరు తింటారని ఒకసారి అడిగాను.

"ఎవరో ఒకరు తింటార్లేరా. నాకు చెప్పి తినాలా ఏంది?"

మా ఇంట్లోకి బియ్యం మూట రావడం నేను చూళ్ళేదు. పోవడమే చూశాను. లంచ్ దగ్గర ఇది చెప్పొచ్చు. నోరు రాలేదు.

ఇప్పుడు ఆల్బనీ డబ్బు పల్లెల దాకా రావడం అంత తేలిక కాదు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా తనకొచ్చిన సొమ్ము ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. పెద్ద సంస్థల చేతుల మీదుగానే చిన్న హాస్టళ్ళకి అంతో ఇంతో చేరేది. అంటే, నచ్చినా నచ్చకపోయినా, మూయాలా వద్దా అని కూర్చున్న ఆ సమావేశం ఇప్పుడు నా ఫోన్లో ఉంది.

మర్నాడు హాస్టలుకి ఫోన్ చేశాను. ఎత్తింది వార్డెనమ్మ. పేరు చెప్పగానే నాన్న పేరు చెప్పి, ఆయన కొడుకువా బాబూ అంది. మీ రిపోర్టుల సంగతి ఏంటని అడుగుదామని నేను గొంతు సవరించుకుంటున్నాను. కాసేపు ఏమీ మాట్లాడకపోయేసరికి ఆవిడే అంది.

"పైకం ఆపుతున్నారా బాబూ? ఆపేట్టయితే ఒక నెల ముందు చెప్పండయ్యా. బియ్యం కొట్టాయనకి చెప్పుకోవాలి."

ఆపడం లేదమ్మా అన్నాను. నెలకి ఎన్ని మూటలు పడతాయని అడిగాను. ఉండు బాబూ, పుస్తకం తెస్తానని ఆవిడ ఫోన్ పక్కన పెట్టింది. వెనక పిల్లలెవరో పెద్దగా ఎక్కాలు చదువుతున్నారు.