ఏడవ వంతు

తెలుగు పండితుడనైన నాకు గణితముతో పని యేమి? అయినను నేనుద్యోగమున చేరిన తొలియేట, లెక్కల మాస్టారు సెలవులో నుండగా, ఎనిమిదవ తరగతి నాకప్పగించిరి. ఒకటిని ఏడుచే భాగించి దశాంశముగా వ్రాయుడంటిని. పిల్లలు పుటనిండ అంకెలు నింపుచుండిరి. ఒక బాలుడు మాత్రము 0.142857 అని వ్రాసి, బిందువు తరువాతి ఆరంకెలపై అడ్డగీత గీచి, కలము క్రింద పెట్టెను. సోమరితనమని తలచి వానిని బెంచీపై నిలువబెట్టితిని.

“శేషము మరల ఒకటియే వచ్చినదండీ” అని వాడు మెల్లగా అనెను. నేను వినిపించుకొనలేదు.

ఆ రాత్రి మనసూరక, నేనే భాగించి చూచితిని. శేషములు వరుసగా 3, 2, 6, 4, 5, పిదప 1. ఏడుచే భాగించునపుడు సున్న రానిచో శేషము ఒకటి మొదలు ఆరు వరకే గదా! ఏడవ క్రొత్త శేషమునకు చోటెక్కడిది? బయలుదేరిన ఒకటికే తిరిగి వచ్చితిమి. ఇక ఆ యంకెలే, ఆ వరుసలోనే, ఎడతెగక రావలసినదే. దీనినే ఆవర్తిత దశాంశమందురు. వాని గీతకు అర్థమదియే.

మరునాడు అందరి యెదుట “తప్పు నాది, నాయనా” అని సుద్దముక్క వాని చేతికిచ్చి, ఆరవ వంతును వ్రాయుమంటిని. వాడు 0.16 అని వ్రాసి, ఆరుపై మాత్రమే గీత గీచెను.

“ఒకటిపై ఏల గీయలేదు?” అంటిని.

“అది మరల రాదండీ” అనెను.