లక్ష్మి పేరు ఎక్కడ విరిగింది?

మీ ఆఫీసుకి మొదటిసారి వస్తున్న క్యాబ్ డ్రైవరుకి అడ్రసు ఎలా చెప్తారు? కాగితాల మీద "సర్వే నంబర్ 64, మాదాపూర్" అని ఉంటుంది. హైటెక్ సిటీలో చాలా బిల్డింగులది అదే నంబరు, కాబట్టి అది చెప్పి లాభం లేదు. మ్యాపు ఉన్నా సరే, చివర్లో అతను ఫోన్ చేస్తాడు, మనం "శిల్పారామం దగ్గరికొచ్చి ఎవర్నైనా అడుగన్నా" అంటాం.

ప్రోగ్రాములు బిల్డ్ చేసేటప్పుడూ ఇదే గొడవ. మొన్న ఆ గొడవలో మా అత్త దగ్గర తిట్లు తిన్నాను.

మా మేనత్త ఖమ్మం జిల్లాలో తెలుగు టీచరు. ఏటా వాళ్ళ స్కూల్లో పిల్లలకి ప్రశంసాపత్రాలు ఇస్తారు. పేర్లన్నీ చేత్తో రాసి రాసి వేళ్ళు నొప్పెడుతున్నాయంటే, సీ ప్లస్ ప్లస్‌లో ఒక చిన్న ప్రోగ్రాము రాసిచ్చాను. పాత ఉబుంటు లాప్‌టాప్ మీద రెండేళ్ళు బాగానే పనిచేసింది. ఈసారి కొత్త మ్యాక్ మీద బిల్డ్ చేశాను. ఏ ఎర్రరూ రాలేదు. మొదటి పేజీలో "కమల" అని చక్కగా కనబడింది. అన్నీ పంపించేసి పడుకున్నాను.

రాత్రి ఫోను. "ఏరా, ఇదేం తెలుగురా? లక్ష్మి పేరులో ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి!"

"ఫాంటు సమస్య అయ్యుంటుందత్తా.."

"ఫాంటో గీంటో నాకు తెలీదు. పొద్దున పదింటికి ఫంక్షను. ఆ పిల్లకి ఇదే మొదటి సర్టిఫికెట్టు. తన పేరే తప్పుంటే ఇంట్లో ఏం చూపించుకుంటుంది?"

సమస్య ఫాంటుది కాదు. "క్ష" అనేది కంప్యూటర్లో ఒక్క అక్షరం కాదు, క, పొల్లు, ష అని మూడు కోడ్లు. వాటిని కలిపి సరైన ఆకారం ఎంచేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దీన్నే వాడతాయి. అది లేకపోతే ఫ్రీటైప్ ఒక్కో కోడుకి ఒక్కో బొమ్మ వేసుకుంటూ పోతుంది. కమల, రమ లాంటి వాళ్ళు బతికిపోతారు. లక్ష్మి, కృష్ణ, జ్యోత్స్న విరిగిపోతారు.

మరి నా మ్యాక్‌లో హార్ఫ్‌బజ్ లేదా అంటే, ఉంది! దాని అడ్రసే దొరకలేదు. ఫెడోరాలో 64 బిట్ లైబ్రరీలు లిబ్64 అనే ఫోల్డర్లో ఉంటాయి. డెబియన్, ఉబుంటుల్లో ప్రాసెసర్ పేరుతో ఇంకో ఫోల్డరు. హోమ్‌బ్రూ అయితే ఇంటెల్ మ్యాక్‌లో యూఎస్ఆర్ లోకల్ కింద, యాపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లో ఆప్ట్ కింద పెడుతుంది. విండోస్‌లో ఫలానా చోటని ఒక పద్ధతే లేదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, సీమేక్ ఫైండ్ మాడ్యూల్స్: "ఇక్కడ చూడు, లేదంటే అక్కడ చూడు" అని శిల్పారామం గుర్తు చెప్పడం లాంటివి. రెండోది పీకేజీ కాన్ఫిగ్: లైబ్రరీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తన అడ్రసు ఒక చిన్న ఫైల్లో రాసి పెడుతుంది. రెండోదే మేలు. కాకపోతే ఆ ఫైళ్ళని ఏ ఫోల్డర్లలో వెతకాలో కూడా దానికి తెలియాలి కదా. వేరే పని కోసం నేను కోండా ఆన్ చేసి ఉంచాను. ఆ కోండా తాలూకు పీకేజీ కాన్ఫిగ్ తన ఇంట్లోనే వెతుక్కుని, ఫ్రీటైప్ ఉంది, హార్ఫ్‌బజ్ లేదు అని తేల్చేసింది. స్క్రీన్ మీద ఆ ముక్క ఒక లైన్లో చెప్పింది కూడా. నేనే చూడలేదు.

అసలు తప్పు కూడా నాదే. సీమేక్ ఫైల్లో ఫ్రీటైప్ పక్కన "రిక్వైర్డ్" అని రాసిన నేను, హార్ఫ్‌బజ్ పక్కన రాయలేదు. ఎక్కడో చూసిన ఉదాహరణ కాపీ కొట్టాను, అందులో అది ఆప్షనల్. ఇంగ్లీషు రాసుకునేవాడికి అది ఆప్షనలే మరి, లేకపోయినా అక్షరాలేం విరగవు.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇంతే. పైథాన్ వాళ్ళ పిల్లో లైబ్రరీని సోర్సు నుంచి బిల్డ్ చేస్తే, జేపెగ్ లైబ్రరీ దొరక్కపోతే బిల్డ్ ఆగిపోతుంది. హార్ఫ్‌బజ్‌ని వాడుకునే రాక్మ్ దొరక్కపోతే మాత్రం ఆగదు. ఫొటో తెరుచుకోకపోతే లోపమట, తెలుగు విరిగితే పర్లేదట!

వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకి కనబడని లోపం అది. కనబడే మనం కూడా ఆప్షనల్ అని రాసుకుంటే ఎలా?

ఆ రాత్రి కోండా ఆపేసి, ఆ ఒక్క మాట చేర్చి, మళ్ళీ బిల్డ్ చేశాను. రెండు నిమిషాల పని. ఇప్పుడు హార్ఫ్‌బజ్ దొరక్కపోతే బిల్డ్ అక్కడే చస్తుంది. ప్రోగ్రాము మొదలవగానే ముందు "క్ష" ఒక్కటే గీసి, ఒక్క ఆకారంగా వచ్చిందో లేదో కూడా చూసుకుంటుంది.

పొద్దున్నే ఎనిమిదింటికి అత్త ఖమ్మంలో ప్రింటు తీయించుకుంది. మధ్యాహ్నం ఫోన్ చేసి "ఆ పిల్ల తన పేరు రెండుసార్లు చదువుకుందిరా" అంది.