పుస్తకం చదివి పళ్లెం మార్చుకుందాం, మాత్రలు కాదు



మన సంఘం పుస్తక పఠన బృందంలో ఈ మూడు నెలలూ ఆరోగ్యం, ఆహారం గురించిన పుస్తకాలే చదివాం. రాలేకపోయినవాళ్లు ఏం మాట్లాడుకున్నారని అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

కోయంబత్తూరులో మనవాళ్లు చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అందుకే ఒకరు పైకి చదువుతారు, మిగిలినవాళ్లం వింటాం. కథల పుస్తకమైతే చివరిదాకా నిశ్శబ్దంగా వింటాం. తిండి పుస్తకమయ్యేసరికి ప్రతి పేరాకీ ఎవరో ఒకరు "ఆగండి, మా ఇంట్లో అలా కాదు" అంటున్నారు. రెండు పేజీలకు గంట పడుతోంది. వంటింట్లో నలభై ఏళ్లు గడిపిన అవ్వలు మాట్లాడుతుంటే పిల్లలు ఫోను పక్కన పెట్టి వింటున్నారు.

మొదటి వాదన బియ్యం మీదే వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన కోడళ్లకు ఉప్పుడు బియ్యం వాసన పడదు. ఇక్కడ పుట్టినవాళ్లకు అదే అలవాటు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1920లు, 30లలో మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు బాగా ఉండేది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినటం, గంజి వార్చి పారబోయటం వల్ల బి1 విటమిను పోయేది. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెడితే ఆ విటమిను కొంత గింజ లోపలికి చేరుతుంది, పాలిష్ పట్టినా అంతగా పోదు. ఈ సంగతులు పరిశోధించిన ప్రయోగశాల మనకు దగ్గరలోని కూనూరులోనే ఉండేది. 1958లో హైదరాబాదుకు తరలి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. ఇది విన్నాక ఒక కోడలు నవ్వుతూ, "అయితే మా అత్తమ్మే గెలిచారు" అంది. అలాగని షుగరు ఉన్నవాళ్లు ఉప్పుడు బియ్యం ఎంతైనా తినవచ్చని కాదు. అదీ బియ్యమే, కొలత తప్పదు.

రెండోది ఉప్పు, నూనె. ఆ సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదు. 2000 కిలోకేలరీల భోజనంలో నూనె 27 గ్రాములు. గ్రాములంటే ఎవరికీ తలకెక్కలేదు. అందుకని ప్యాకెట్ల లెక్కలోకి మార్చుకున్నాం. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి. నూనె నెలకు సుమారు మూడున్నర లీటర్లు. పచ్చళ్లు, అప్పడాలు, బయట కొన్న మిక్చరు కూడా ఇందులోకే వస్తాయి. లెక్క వేసుకున్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మూడో నెలలో వచ్చింది. మనలో ఒక పెద్దాయన, పదేళ్లుగా షుగరు ఉంది. అన్నం పూర్తిగా మానేస్తే షుగరు పోతుందని ఒక పుస్తకంలో చదివి రెండు వారాలుగా అన్నం మానేశారు. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటున్నారు. సాయంత్రమయ్యేసరికి చెమటలు, చేతుల వణుకు. అదంతా ఒంట్లో విషం బయటికి పోతున్న గుర్తు అనుకున్నారు. "ఇంక మాత్రలు కూడా ఆపేస్తాను" అని సభలోనే సంతోషంగా చెప్పారు.

మన బృందంలో నర్సుగా చేసి రిటైరైన అక్క వెంటనే లేచారు. "అన్నా, అది విషం పోవటం కాదు, షుగరు మరీ పడిపోవటం. మళ్లీ వస్తే ముందు చక్కెర నీళ్లు తాగండి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం" అన్నారు. మరునాడు ఇద్దరు తోడు వెళ్లారు. పరీక్ష చేసి మాత్ర ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పారు. పూర్తిగా ఆపమని చెప్పలేదు. ఆయన ఒంటరిగా చదువుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అందుకే ఏ ఆరోగ్య పుస్తకం తీసినా మూడు ప్రశ్నలు అడగాలని నిర్ణయించుకున్నాం. రాసినవారు ఈ మాట ఏ ఆధారంతో చెబుతున్నారు? ఇది అందరికీ వర్తిస్తుందా, లేక షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు వేరేగా ఉందా? డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలో చెప్పిందా? డేవిడ్ వెర్నర్ రాసిన 'వైద్యుడు లేని చోట' మాకు నచ్చింది ఈ మూడో ప్రశ్న వల్లే. ఇంట్లో చూసుకోదగ్గది ఏదో, వెంటనే తీసుకుపోవలసింది ఏదో విడదీసి చెబుతుంది.

పళ్లెంలో చిన్న మార్పులు మనం చేసుకుందాం. మందులు వేసుకునేవాళ్లు పెద్ద మార్పు చేసేముందు డాక్టరుకు చెప్పండి. మాత్ర మాత్రం సొంతంగా ముట్టుకోవద్దు.

వచ్చే నెల రాగులు, జొన్నల గురించి చదువుదాం. వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు ఏ తారీఖున విప్పారో రాసుకుని రండి. అవ్వలను తప్పకుండా వెంటబెట్టుకు రండి.