రాతి దిండ్లు చూసొచ్చినాం

పోస్టు కాస్త పొడుగుంది, ఓపికగా చదవండి. ఇంటర్ అయిపోయి ఏ డిగ్రీ తీసుకోవాలా అని చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పక చదవండి.

మేం ఎస్టీ హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. నలుగురిదీ తండానే. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సీటు దొరికింది కాబట్టి జియాలజీలో చేరినాం, అంతే. "రాళ్ల గురించి చదివేదేముందిరా, మీ నాయన రోజూ కొట్టేది అవే కదా" అని మాలో ఒకడి అవ్వ నవ్వింది. నిజమే, మాలో ఇద్దరి నాయనలు కంకర క్వారీలో కూలీలు. కానీ క్లాసులో మొదటిరోజు అడిగినప్పుడు నలుగురమూ "వ్యవసాయం" అనే చెప్పినాం. ఎందుకు అబద్ధమాడినామో ఒకరినొకరం అడుక్కోలేదు.

స్ట్రాటిగ్రఫీ పేపర్లో ఇద్దరం ఫెయిలైనాం. పుస్తకమంతా ఇంగ్లీషు. పొరల పేర్లు బట్టీ పట్టినాం గానీ ఒక్కటీ బుర్రకెక్కలేదు. మాలో ఒకడు బ్యాగు సర్దేసుకున్నాడు. "ఫీల్డు ట్రిప్పు అయినాక పోదువులే" అని బతిమాలి ఆపినాం.

ట్రిప్పు చిత్రదుర్గ జిల్లా మరడిహళ్ళికి. అది గ్రీన్‌స్టోన్ బెల్టు. మన దిక్కున్న గ్రానైటు, నైస్ రాళ్ల మధ్య ఇవి సన్నటి పట్టీల్లా ఉంటాయి. మన రామగిరి, జొన్నగిరి, గద్వాల, అటు కోలార్, హట్టి అన్నీ ఇట్లాంటివే. పాత లావా రాయి భూమిలోపల వేడికీ ఒత్తిడికీ మారి, క్లోరైటు లాంటి ఖనిజాలతో పచ్చగా తేలింది కాబట్టి ఆ పేరు. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే.

అక్కడ బండ నిండా దిండ్లు పేర్చినట్టు గుండ్రటి ఆకారాలు. లావా నీళ్లలోకి వస్తే పైతోలు వెంటనే గట్టిపడుతుంది, లోపలిది ఉబ్బి ఇంకో దిండై బయటికి పొడుచుకొస్తుంది. అంటే ఆ చోట ఒకప్పుడు నీళ్లుండేవి!

సార్ అడిగినారు, "ఇది ఏర్పడినప్పుడు పైభాగం ఎటు?" అందరం ఆకాశం దిక్కు చూపించినాం. తప్పు. ఈ పొరలు మడతలు పడి నిలువుగా లేచి ఉంటాయి, కొన్నిచోట్ల తలకిందులు కూడా. కాబట్టి ఇప్పుడు పైనున్నదే కొత్తది అనుకోవడానికి లేదు.

బ్యాగు సర్దినవాడు వంగి చూసి, "సార్, పై ఇటు దిక్కు. సిమెంటు మూటలు పేర్చితే పైమూట అడుగు కిందివాటి సందులోకి దిగుతుంది, వీపు గుండ్రంగా ఉంటుంది. ఇవీ అంతే" అన్నాడు. ఎట్లా తెలుసని సార్ అడిగితే, "సెలవుల్లో మూటలు మోస్తా సార్. మా నాయన కంకర కొడతాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బస్సులో మేం కూడా మా ఇళ్ల సంగతి చెప్పేసినాం.

అప్పట్నుంచి పొరలు పేర్లుగా కాదు, చోట్లుగా కనబడుతున్నాయి. గులకరాళ్ల కాంగ్లోమరేటు ఉందంటే జోరుగా పారిన నీళ్లు. క్వార్ట్‌జైటు మీద అలల గీతలుంటే లోతు తక్కువ నీళ్లు. గ్రేవాకేలో అడుగున లావు ఇసుక, పైకి పోనుపోను సన్నం అయితే, లోతు నీళ్లలోకి బురద ప్రవాహం దిగి నెమ్మదిగా తేరుకుందని. బాబాబుదాన్ అడుగు పొరల గులకరాళ్లలో పైరైటు, యురేనినైటు రేణువులున్నాయి. గాలిలో ఆక్సిజన్ బాగా ఉంటే అవి నదిలో కొట్టుకొచ్చేలోపే కరిగిపోయేవి. అంటే అప్పటి గాలి మనం పీల్చే గాలి కాదు. రామగిరి బంగారం మాత్రం ఇట్లా పొరగా పడింది కాదు, తర్వాత పగుళ్లలోకి వేడినీళ్లతో వచ్చి చేరింది.

వాడు పోలేదు. ఇద్దరికీ బ్యాక్‌లాగ్ ఇంకా ఉంది, మళ్లీ రాస్తున్నారు. ఈసారి సెలవుల్లో క్వారీకి పోయి, నాయన కొట్టే రాయి నైస్ అని, దాని వయసెంతో చెప్తే, ఆయన సుత్తి పక్కన పెట్టి "ఇంకా చెప్పు" అన్నాడంట.

మేం తెలుగులో నోట్సు రాస్తున్నాం. కావాలంటే అడగండి, పంపిస్తాం. మీ నాయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాత్రం మాలాగా చెప్పొద్దు.