అత్తది ఉర్దూ, కోడలిది తెలుగు

"మీరు ముస్లిమా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!"

ఈ మాట అనేవాళ్లకు దురుద్దేశం ఏమీ ఉండదు. పైగా ఎంతో ప్రేమగా అంటారు. ఇరవై రెండేళ్లుగా తెలుగు పత్రికల్లో వార్తలు రాస్తున్నాను, దిద్దుతున్నాను. కొత్తగా చేరిన కుర్ర విలేకరుల ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసేది నేనే. అయినా కొత్తగా పరిచయమైన పెద్దమనిషి నా పేరు వినగానే ఆశ్చర్యపోతాడు. నల్లగొండ జిల్లాలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, తెలుగు ఒక సబ్జెక్టుగా బి.ఏ. చేసినవాడికి తెలుగు రావడంలో వింత ఏముంది? వింతంతా పేరులోనే ఉంది. ఈ పేరున్నవాడు సినిమాలో "నమ్మల్కి, నిమ్మల్కి" అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడాలి. జనం నవ్వాలి.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. దూదేకుల వాళ్లు. వాళ్లింట్లో నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. పెళ్లయిన కొత్తలో ఆమె ఉర్దూ విని మా చుట్టాల్లో ఆడవాళ్లు కొంగు చాటున నవ్వుకున్నారు. "అసలు ముసల్మాన్ పిల్లేనా?" అని మా అమ్మీని అడిగినవాళ్లున్నారు. నేను ముస్లింనని తెలుగువాళ్లకు పరాయి. ఆమె మాట్లాడేది తెలుగని ముస్లింలకు పరాయి. మతానికి ఒక భాషే ఉంటుందని, భాషకు ఒక మతమే ఉంటుందని నమ్మేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

మా అమ్మాయి ఈ ఇంట్లో పుట్టింది. నన్ను అబ్బూ అంటుంది, తల్లిని అమ్మా అంటుంది. దాదీతో దక్కనీ ఉర్దూ, తల్లితో గుంటూరు తెలుగు, నాతో రెండూ కలగలిపి. 2022 సెప్టెంబరులో పై చదువుకు ఇంగ్లండులోని లెస్టర్ వెళ్లింది. జెడ్డాలో ఉన్న మా తమ్ముడు కొంత సాయం చేశాడు. మిగతాది బ్యాంకు అప్పు.

లెస్టర్ మనవాళ్లకు కొత్త ఊరేమీ కాదు. 1972లో ఇడీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా వాళ్లను తరిమేసినప్పుడు వేలమంది అక్కడికి చేరారు. హిందువులూ ముస్లింలూ పక్కపక్క వీధుల్లో యాభై ఏళ్లు బతికారు. 2022 ఆగస్టు 28న దుబాయిలో ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ జరిగింది. ఆ తర్వాత మొదలైన గొడవలు సెప్టెంబరు 17, 18 తేదీలకు గుంపులు గుంపులుగా రోడ్డెక్కాయి. మా పిల్ల గది కోసం వెతుక్కుంటున్న రోజులు సరిగ్గా అవే.

ఒక ఇంట్లో తెలుగమ్మాయిలు ఉంటున్నారని, గది ఒకటి ఖాళీగా ఉందని తెలిసి ఫోన్ చేసింది. అవతలి గొంతు తెలుగు విని సంబరపడింది. ఏ ఊరు, ఏ కాలేజీ, వంట వచ్చా అని కబుర్లన్నీ అయ్యాయి. చివరికి పేరు అడిగారు. చెప్పింది. కాసేపు అవతల చప్పుడు లేదు. "ఓనర్‌ని అడిగి చెప్తాం. ఇప్పుడు పరిస్థితులు బాలేవు కదా" అన్నారు. మళ్లీ ఫోన్ రాలేదు.

మాకిది అలవాటే. హైదరాబాదులో టులెట్ బోర్డు చూసి తలుపు తట్టిన ఎన్నో ఇళ్లు నా పేరు దగ్గరే ఆగిపోయాయి. నాకు అలవాటైంది కాబట్టి పిల్లకూ అలవాటు కావాలా? ఏడు వేల కిలోమీటర్లు దాటి వెళ్లినా ఆ టులెట్ బోర్డు దాని వెంటే వెళ్లింది.

చివరికి ఒక బంగ్లాదేశీ అమ్మాయితో కలిసి గది దొరికింది. చదువు సాగింది. కానీ ఇంట్లో ఒక మార్పు వచ్చింది. అమ్మాయి ఫోన్‌లో తల్లితో కూడా ఉర్దూలోనే మాట్లాడటం మొదలుపెట్టింది. అమ్మా అనే పిలుపు అమ్మీ అయింది. మా ఆవిడ తెలుగులో అడిగితే ఉర్దూలో జవాబు. చాలా రోజులు ఆమె ఏమీ అనలేదు. ఒక రాత్రి ఫోన్ పెట్టేశాక మాత్రం, "పిల్ల నాతో చుట్టాలావిడతో మాట్లాడినట్టు మాట్లాడుతోందండీ" అంది. అత్తగారి భాష నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు అవస్థ పడిన మనిషి ఆమె. కూతురు కూడా అటే వెళ్లిపోతే తనకు ఇంట్లో మాట్లాడేందుకు ఎవరు మిగులుతారు?

2023 జూన్‌లో ప్రావిడెంట్ ఫండ్ డబ్బు కొంత తీసి, అమ్మీనీ మా ఆవిడనూ తీసుకుని లండన్ వెళ్లాను. అమ్మాయికి శని, ఆదివారాలే ఖాళీ. శనివారం పొద్దున లెస్టర్ రైలు దిగి సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో మమ్మల్ని కలుసుకుంది. దాదీని గట్టిగా పట్టుకుంది. తల్లిని పట్టుకుని "అమ్మీ" అంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఎందుకో నాకు తెలుసు.

ముందుగా విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లాం. లోపలికి టిక్కెట్టు లేదు, అది మొదటి కారణం. టిప్పు సుల్తాన్ పులి అక్కడుంది, అది రెండో కారణం. తెల్ల సిపాయి మీద పడి గొంతు కొరుకుతున్న చెక్కపులి. కడుపులో వాయిద్యం అమర్చారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువాళ్లు ఎత్తుకొచ్చారు. అమ్మీ దాని ముందు చాలాసేపు నిలబడి, "మన టిప్పు" అంది. ఆ యుద్ధంలో మన నిజాం సైన్యం ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడి టిప్పు మీద పోరాడిందని చెప్పాను. అమ్మీ నమ్మలేదు. ముస్లింలంతా ఎప్పుడూ ఒక్కటే అని మన శత్రువులే కాదు, మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా అనుకుంటారు.

మధ్యాహ్నం థేమ్స్ ఒడ్డున లండన్ టవర్ బయట కూర్చున్నాం. కోహినూరు లోపలే ఉంది. టిక్కెట్టు ధర విని అమ్మీ, "మన రాయి చూడ్డానికి మనమే పైసలివ్వాలా? నేను రాను" అంది. అది గోల్కొండ రాయి అని ఆమె వాదన. కృష్ణ ఒడ్డున మా గుంటూరు జిల్లా గనుల్లోదని మా ఆవిడ వాదన. అత్త ఉర్దూలో, కోడలు తెలుగులో ఆ రాయిని పంచుకుంటుంటే అమ్మాయి పగలబడి నవ్వింది. కానీ ఇద్దరికీ ఉర్దూలోనే సర్దిచెప్పింది.

ఆదివారం తూర్పు లండన్ తీసుకెళ్లింది. తన గదిలో ఉండే బంగ్లాదేశీ అమ్మాయి తప్పకుండా చూడమందట. బ్రిక్ లేన్ అనే వీధి మూల మీద ఒక ఇటుకల కట్టడం ఉంది. 1743లో ఫ్రాన్సులో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి అది. తర్వాత మెథడిస్టుల ప్రార్థనాలయం అయింది. 1898లో యూదుల సినగాగ్ అయింది. 1976 నుంచి బంగ్లాదేశీల మసీదు. ఒకరు ఆ పేట వదిలి వెళ్లిపోయాక ఇంకొకరు తీసుకున్నారు. గోడలు మాత్రం అవే. దాని ముందు నిలబడితే నాకు 1992 డిసెంబరు 6 గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? నేనేమీ అనలేదు. మా ఆవిడే అంది: "ఇన్ని చేతులు మారినా ఎవరూ గునపం తేలేదే."

జొహర్ నమాజుకు వైట్‌చాపెల్ రోడ్డులోని ఈస్ట్ లండన్ మసీదుకు వెళ్లాం. అక్కడ ఆడవాళ్ల కోసం 2013లో మరియం సెంటర్ అని ప్రత్యేకంగా కట్టారు. డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మీ జీవితంలో మొదటిసారి మసీదులో నమాజు చేసింది. బయటికొచ్చి, "మన ఊళ్లో మసీదు మా గోడ పక్కనే కదా, లోపల ఎట్లుంటదో నాకు తెల్వదు" అంది. దీనికి జవాబు చెప్పాల్సింది మెజారిటీ మతంవాళ్లు కాదు, మేమే.

అక్కడికి దగ్గర్లోనే ఒక పార్కు. పేరు అల్తాబ్ అలీ పార్కు. అల్తాబ్ అలీ బట్టల కార్ఖానాలో పనిచేసే బంగ్లాదేశీ యువకుడు. 1978 మే 4న పని నుంచి ఇంటికి పోతుంటే అక్కడే కుర్రాళ్లు కత్తితో పొడిచి చంపారు. అతను వాళ్లకేమీ చేయలేదు. ఒంటి రంగు చాలింది. పది రోజుల తర్వాత ఏడు వేలమంది దాకా అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి ఇంటిదాకా నడిచారు. 1998లో పార్కుకు అతని పేరు పెట్టారు. లండన్ స్వర్గమని నేను చెప్పడం లేదు. ఆ నేల మీద కూడా నెత్తురుంది.

ఆ పార్కు మూలన తెల్లటి స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. మధ్యది తల వంచిన తల్లి, అటూ ఇటూ ఉన్నవి బిడ్డలు. వెనక ఎర్రటి సూర్యుడు. ఢాకాలోని షహీద్ మీనార్‌కు చిన్న నమూనా. ఎవరి గుర్తుగా అని అమ్మీ అడిగింది. అమ్మాయి చెప్పింది. పాకిస్తాన్‌కు ఉర్దూ ఒక్కటే రాజభాష అని 1948 మార్చిలో జిన్నా ఢాకా వచ్చి ప్రకటించాడు. తూర్పు పాకిస్తాన్‌లో జనం మాట్లాడేది బెంగాలీ. 1952 ఫిబ్రవరి 21న మా భాష మాకు కావాలని వీధుల్లోకి వచ్చిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1956 రాజ్యాంగంలో బెంగాలీని కూడా రాజభాషగా ఒప్పుకోక తప్పలేదు. ఇప్పుడు ప్రపంచమంతా జరుపుకునే మాతృభాషా దినం ఆ ఫిబ్రవరి 21నే.

"చంపినవాళ్లూ ముసల్మానులే, చచ్చినవాళ్లూ ముసల్మానులేనా?" అని అమ్మీ అడిగింది. "ఉర్దూ పేరు మీదనా?"

ఆమెకు ఉర్దూ అంటే తల్లిపాలు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియంతోనే మొదలైందని గొప్పగా చెప్పుకునే తరం. 2017లో తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయినా, టీచర్లు లేక వెలవెలబోయే ఉర్దూ బడుల గురించి నేను ఎన్ని వార్తలు రాశానో. ఇక్కడ గుక్కెడు నీళ్లకు వెతుక్కునే భాష అక్కడ తుపాకీ పట్టుకుందంటే ఆమెకు మింగుడుపడలేదు. చాలాసేపటికి, "భాష చంపదు బేటా, కుర్సీ చంపుతది" అంది.

అప్పుడు అమ్మాయి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నా రూమ్మేట్‌ని ముస్లింవై ఉండి బెంగాలీ ఇంత బాగా ఎట్లా మాట్లాడతావని వాళ్ల ఊళ్లో ఎవరూ అడగరంట. అట్లాంటి ప్రశ్న ఉంటదని కూడా దానికి తెలీదు. నేను చెప్తే నవ్వింది" అంది.

తెలుగులో అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పార్కులో ఆడుకుంటున్న పిల్లల వైపు చూశాను.

కాసేపటికి అదే చెప్పింది. తెలుగు మాట్లాడితే ఆ ఫోన్ గుర్తొచ్చేదట. పేరు చెప్పేదాకా మనమ్మాయి, చెప్పాక పరిస్థితులు బాలేవు. "వాళ్లకక్కర్లేని తెలుగు నాకెందుకు అనిపించిందమ్మా." మా ఆవిడ దాని తల నిమిరి, "వాళ్లిచ్చారంటే నీకు ఈ భాష? నేనిచ్చాను" అంది.

ఆ సాయంత్రం అమ్మాయి రైలెక్కింది. కష్టాలు తీరాయని నేను రాయలేను. తిరిగొస్తే హైదరాబాదులో తనకు ఇల్లు ఎవరిస్తారని రైలెక్కే ముందు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఉంటే మీరు చెప్పండి.

అదే ఏడు ఆగస్టులో ఫోన్ చేసింది. గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29. అది తెలుగు భాషా దినం కదా, అక్కడి తెలుగు విద్యార్థులు ఒక చిన్న సభ పెట్టుకుంటున్నారట. తనను ఎవరూ పిలవలేదు. నేనూ తెలుగుదాన్నే, మాట్లాడతానని తనే రాసింది. పది నిమిషాలు ఇచ్చారు. పీర్ల పండుగ పాటలు కావాలని తల్లిని అడిగింది. అలావా గుండం చుట్టూ తిరుగుతూ హసన్, హుసేన్‌ల మీద పాడుకునే తెలుగు పాటలు. మా ఆవిడ రూళ్ల కాగితం తీసి రాయడానికి కూర్చుంది. మధ్యలో ఒక చరణం గుర్తు రాలేదు. వంటింట్లోంచి అమ్మీ అందుకుంది. ఉర్దూ తప్ప ఇంకోటి ఇంటి భాష కాదనుకునే మా అమ్మీ నోట నల్లగొండ పీర్ల పాట అంత నిండుగా వస్తుందని నాకే తెలీదు. మీ పాట తప్పని కోడలు, మీ గుంటూరు పాటే తప్పని అత్త. చివరికి రెండూ రాసి పంపారు.

ఆ పాటలు మీ ఊళ్లోనూ పాడే ఉంటారు. అక్కడ పీరు ఎత్తుకున్న భుజాలు ఎవరెవరివో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.