బన్సీలాలుపేట మెట్లబావి

సికిందరాబాదునకు వచ్చినవారు గడియారస్తంభమును, మహబూబు కళాశాలను చూచి పోవుచుందురు. మేము బన్సీలాలుపేటకు పోయితిమి. ఇరుకు వీథులు, ఒకదాని నొకటి యానుకొనిన యిండ్లు; వాని నడుమ అంతస్తులుగా భూమిలోనికి దిగిన రాతిమెట్ల బావి కలదు. అది 17వ శతాబ్దము నాటిదని చెప్పుదురు.

ఈ తావు పూర్వపు పేరు నాగన్నకుంట. 1933లో బ్రిటిషు అధికారి టి. హెచ్. కీస్ దీనిని ఆదర్శగ్రామముగా తీర్చెను. ధనమిచ్చిన సేఠ్ బన్సీలాలుగారి పేరే పేటకు వచ్చినది. దాత పేరు నిలిచెను గాని బావి నిలువలేదు. దాని అక్కఱ తీరిన పిమ్మట అడుగువారు లేక, అనేక వత్సరములు చెత్తతో పూడియుండెను. దాత సొమ్ముతో పేటను తీర్చవచ్చును. దానిని కాపాడుకొనుట మాత్రము పేటవారి పూనిక లేనిదే సాగదు.

ఈ సంగతిని జంటనగరములలో కొందఱు మున్నే యెఱిగిరి. అంటరానివారని దూరముంచబడిన జనులకై భాగ్యరెడ్డివర్మగారు 1906లో హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించి, 1910లో ఈసామియా బజారున పాఠశాల తెఱచిరి. ఒరులు వచ్చి యుద్ధరింతురని ఆ పేటలవారు కాచుకొని యుండలేదు. రెండు నగరముల పాలకసంస్థలు 1960లో ఏకమైన పిదప, 1967లో పట్టణ సముదాయాభివృద్ధి పథక మారంభమయ్యెను. దాని పద్ధతి యేమనగా, బస్తీవారిని కూర్చుండబెట్టి వారికి కావలసిన దేమని మొదట వారినే యడుగుట. బాలవాడులు, కుట్టుపని కేంద్రములు, మహిళామండలులు అట్లు వెలసినవి. ఒక యింటికి బియ్యమిచ్చిన ఆ పూట గడచును. బాలవాడి యున్నచో పదియిండ్ల తల్లులు బిడ్డల చింత లేక కూలికి పోగలరు.

బావికిని మరల మంచికాలము వచ్చెను. 2021లో వాస్తుశిల్పి శ్రీమతి కల్పనా రమేశ్ గారి ‘రెయిన్ వాటర్ ప్రాజెక్టు’ నగరపాలక సంస్థతో చేయి కలిపి పూడిక తీయించెను. వెలికి తీసిన చెత్త రమారమి 2000 టన్నులట! 2022 డిసెంబరు 5వ తేదీన బావిని ప్రజలకు తెఱచిరి. ఇక మీదట దానిలో చెత్త పడకుండ చూడవలసినవారు చుట్టుపట్ల యిండ్లవారే గదా. వారికి ఆ బావి తమదను తలంపు కలుగనిచో, ఇంత పాటును వ్యర్థమగును.

సోదరీమణులారా! పేదఱికమును ఒక్కరము తీర్చజాలము. కాని మన వీథిలో పేరంటమునకు ఏ యింటిని పిలువక విడుచుచున్నామో మనకు తెలియును. ఆ యిల్లాలిని ముందుగా పిలిచి, వీథికి కావలసిన దేమని ఆమెనే యడుగుడు.